మన ట్రాక్టర్ ఇంజిన్ – 6వ భాగం: గాలి గొట్టంలో నట్టు పడితే

పోయిన భాగంలో ఎయిర్ ఫిల్టర్ విప్పి దులపడం చూశాం. దానికి తోక ఈ పాఠం. కోనసీమలో దాళ్వా కోతలప్పుడు గడ్డి దుమ్ముకి ఫిల్టర్ ఊరికే పూడుకుపోతుంది. ఇంటిదాకా ఎవరొస్తారు, కాలవ గట్టు మీదే విప్పేస్తాం. వాషరో, తుడిచే గుడ్డ పీలికో గొట్టంలోకి జారేది అప్పుడే.

బిగించేటప్పుడు ఒక నట్టు తక్కువొచ్చిందా? సెల్ఫ్ కొట్టకండి. "ఏం కాదెహె, పొగగొట్టంలోంచి పోద్ది" అనేవాడు పక్కనే ఉంటాడు. వినకండి. డీజిల్ ఇంజిన్‌లో పిస్టన్ పైకొచ్చినప్పుడు హెడ్డుకీ (సిలిండర్ పై మూత) దానికీ మధ్య సందు మిల్లీమీటరుకి కాస్త అటూ ఇటూ. అందులో నట్టు పడితే పిస్టన్ నెత్తి చితుకుతుంది, వాల్వు వంగుతుంది. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని గట్టిగా తోసే చక్రం) ఉంటే ముందు దాని రెక్కలు పోతాయి. నిమిషానికి లక్ష చుట్లు కూడా తిరిగే అల్యూమినియం చక్రం అది.

బండి నడుస్తుండగా లోపలికి లాగేస్తే? రేజ్ చేసేకొద్దీ టకటక పెరిగిందంటే ఇనుప ముక్క. చప్పుడు లేకుండా నల్లపొగ వచ్చి, లాగుడు తగ్గితే గుడ్డని అనుమానించండి. ఏదైనా వెంటనే స్టాప్ లాగేయాల్సిందే. (వరద నీళ్లు పీల్చడం వేరే సంగతి. నీళ్లు నలగవు, పిస్టన్‌కి తగిలించిన కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది.)

ఇక వెతుకులాట. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి. ఇంజిన్ చల్లారాక ఫిల్టర్ వైపు నుంచి ఒక్కో క్లిప్పూ వదులు చేస్తూ గొట్టాలు ఊడదీయండి. బరువైనవి తరచూ వంపుల్లోనే ఆగుతాయి. కంప్రెసర్ గాలి మాత్రం కొట్టొద్దు, ఇంకా లోపలికి పోతుంది. ఇనుమైతే అయస్కాంతం చాలు. ఇత్తడి, అల్యూమినియం దానికి అంటవు, పుల్ల కొసకి గ్రీజు రాసి అద్దండి. గుడ్డ బయటికొస్తే నేల మీద పరిచి చూడండి. ఒక మూల చిరిగిపోయి ఉంటే ఆ ముక్క లోపలే ఉండొచ్చు.

దొరక్కపోతే మేనిఫోల్డ్ (గాలిని సిలిండర్లకి పంచే గొట్టం) విప్పాలి. అక్కడా లేకపోతే ఇంజెక్టర్లు (సిలిండర్లోకి డీజిల్ చిమ్మేవి) తీసి, ముందు పుల్లీ నట్టుకి స్పానర్ వేసి, ఇంజిన్ తిరిగే వైపే చేత్తో రెండు చుట్లు తిప్పండి. నాలుగు స్ట్రోకులూ (పిస్టన్ పైకీ కిందికీ వెళ్లడాలు) అందులో అయిపోతాయి. ఎక్కడైనా గట్టిగా తగిలిందా, బలం పెట్టొద్దు. అక్కణ్నుంచి హెడ్డు దించే మేస్త్రీ పని.

ఏమీ తగలకపోయినా కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుడు) కొలిచాకే పొలంలో దించండి. అది వచ్చే భాగంలో. గేజి కొనకండి, మేస్త్రీ దగ్గర అడిగి తెచ్చుకోండి.