ట్రైలోబైట్ చేతికొస్తే: ముందు వర్ణన, ఆ తర్వాతే పేరు

నేను ఆకివీడు దగ్గర రొయ్యల ల్యాబులో పనిచేస్తాను. రైతు తెచ్చిన రొయ్యను ట్రేలో పెట్టి పెంకు, మొప్పలు, తోక చూసి, కనబడిందంతా రాసుకున్నాకే జబ్బు పేరు ఎత్తుతాను. ముందే “వైట్ స్పాటే” అనేసుకుంటే ఇక కళ్లు దాన్నే వెతుకుతాయి. శిలాజానికీ నా పద్ధతి ఇదే.

మా అక్క కొడుకు అమెరికాలోని యూటా నుంచి బొటనవేలి గోరంత నల్లటి ట్రైలోబైట్ తెచ్చాడు. అంటే కోట్ల ఏళ్ల కిందట సముద్రాల్లో బతికిన, రొయ్యలాగే పెంకూ ఖండాలూ ఉన్న జీవి శిలాజం. “పిన్నీ, రోజూ రొయ్యలే చూస్తావు కదా, ఇదేంటో చెప్పు” అన్నాడు. మాది గోదావరి డెల్టా కదా, అది దొరికిన కొండలకు దగ్గరున్న ఊరి పేరు కూడా డెల్టాయే! ఆ మాట వినగానే రాయి మీద ప్రేమ పుట్టేసింది.

మొదట దొరికిన చోటు రాయండి. చోటు తెలిస్తే కొన్ని పేర్లు అక్కడే కొట్టేయొచ్చు. ట్రైలోబైట్లు సుమారు 52 కోట్ల ఏళ్ల కిందట కనబడి, 25 కోట్ల ఏళ్ల కిందట పూర్తిగా అంతరించాయి. మన డెల్టా ఒండ్రు వయసు కొన్ని వేల ఏళ్లే. రాజమండ్రి వైపు కాతేరు, పంగిడి సున్నపురాళ్లలో నత్తగుల్లలు దొరుకుతాయి గానీ అవి దాదాపు 6.5 కోట్ల ఏళ్లవి. కాబట్టి ఆ రాళ్లలో పురుగు ఆకారం కనబడినా అది ట్రైలోబైట్ కాదు. మన దేశంలోవి కావాలంటే హిమాచల్‌లోని స్పితి లోయ రాళ్లలో ఉన్నాయి.

దుమ్ము దులపడానికి పొడి టూత్‌బ్రష్ చాలు. మా అత్తయ్య ఇత్తడి చెంబు తోమినట్టు తోమేద్దామని చింతపండు నానబెట్టేసింది. పరుగున వెళ్లి రాయి లాక్కున్నాను. దాని పెంకు కాల్సైట్, చెరువులో చల్లే సున్నపురాయి పొడి లాంటిదే. పులుపు తగిలితే కరిగిపోతుంది.

ఇక చూడటం. ట్యూబ్‌లైటు కింద అంతా నల్లగా కనబడుతుంది. గది చీకటి చేసి, ఫోన్ టార్చిని దాదాపు బల్లకు ఆనించి, ఎడమ పక్క నుంచి వేయండి. నీడలు పడి ఒక్కో గీతా పైకి లేస్తుంది. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం ఉంటే ఇంకేం కావాలి!

ట్రైలోబైట్ అంటే తల, నడుము, తోక అని మూడు ముక్కలనుకుంటారు. ఆ మూడూ ఉన్నాయి నిజమే, కానీ పేరు వచ్చింది వాటి వల్ల కాదు. జడలాగా నిలువునా మూడు పాయలుంటాయి. నడిమి పాయ ఉబ్బుగా, పక్క పాయలు పల్చగా ఉంటాయి. ఇవి కనబడకపోతే అక్కడే ఆగి ఇంకేదైనా జీవేమో చూడండి.

తర్వాత నడుములోని ఖండాలు లెక్కపెట్టాలి. నేను మొదటిసారి 16 అని రాసి తప్పు చేశాను. తోకపలక మీదా అడ్డగీతలుంటాయి, అయితే అవి ఒకదానికొకటి అతుక్కుపోయినవి. నడుము ఖండాల కొసలు మాత్రం విడివిడిగా, దువ్వెన పళ్లలా ఉంటాయి. కొసలు చూసుకుంటూ మళ్లీ లెక్కపెడితే 13 తేలాయి. గుర్తింపులో ఈ అంకె చాలా ముఖ్యం. ఫాకాప్స్ అనే ట్రైలోబైట్ రకానికి 11, అగ్నోస్టిడ్‌లనే బుల్లి రకాలకు రెండే.

తల మధ్యలో ఉబ్బును గ్లాబెల్లా అంటారు. అది ముందుకు పోయేకొద్దీ వెడల్పవుతోందా, సన్నబడుతోందా? నా రాయిలో సన్నబడి, అంచుకు ముందే ఆగిపోయింది. ఫాకాప్స్‌కు వెడల్పవుతుంది, పెద్ద కళ్లలో కటకాలు చుక్కల్లా విడివిడిగా కనబడతాయి.

నా రాయికి ఎడమ బుగ్గ, అంటే తలకు ఆ పక్కన ఉండే పలక, లేదు. విరిగిందేమో అనుకున్నాను. అమావాస్య, పౌర్ణమి వెళ్లాక చెరువులో మేత చూసే చెక్ ట్రేలో రొయ్యలు విడిచిన ఖాళీ పెంకులు చూస్తాం కదా, ట్రైలోబైట్లూ అలాగే పెంకు విడిచేవి. చాలావాటికి తల మీది అతుకు దగ్గర విడిపోయి బుగ్గ ఊడొచ్చేది. కాబట్టి “బుగ్గ లేదు, అతుకు అంచు నున్నగా ఉంది” అని మాత్రమే రాశాను. విడిచిన పెంకే కావచ్చని పక్కన వేరేగా రాసుకున్నాను.

నకిలీల సంగతి. మా ల్యాబులో ఒకావిడ ఆన్‌లైన్‌లో మొరాకో ఫాకాప్స్ కొంది. భూతద్దం పెడితే ఒంటి నిండా సూదిమొనంత బుడగలు, రాయికీ జీవికీ ఒకటే పూత. రెసిన్‌తో పోతపోసిన బొమ్మ. పాపం, డబ్బు పోయిందనే బాధ కంటే పిల్లలకు చూపిద్దామన్న ఆశ పోయిందనే బాధే ఆవిడకు ఎక్కువైంది.

నా కార్డు మీద చివరికి ఇలా ఉంది: “యూటా, హౌస్ రేంజ్ కొండలు, వీలర్ షేల్ పొర. పొడవు 22 మిల్లీమీటర్లు, తల దగ్గర వెడల్పు 15. నడుము ఖండాలు 13. తోకపలక తలకంటే చిన్నది. గ్లాబెల్లా ముందుకు సన్నబడి అంచుకు చేరలేదు. కుడి బుగ్గ చివర పొట్టి ముల్లు. ఎడమ బుగ్గ లేదు.” అన్నిటికిందా పెన్సిల్‌తో జాతి పేరు: ఎల్‌రాథియా కింగీ.