లైబ్రరీకి వంశచరిత్ర డేటాబేస్ కొనేముందు పరీక్షించడం ఎలా?

అమెరికా పబ్లిక్ లైబ్రరీల్లో ఎక్కువమంది అడిగే ఆన్‌లైన్ సేవల్లో వంశచరిత్ర డేటాబేస్‌లు, అంటే పూర్వీకుల పాత రికార్డులను వెతికే సేవలు, ఉంటాయి. చందా ఏటా కట్టాలి, ధర సాధారణంగా ఏటా పెరుగుతుంది. ఒకసారి అలవాటు పడ్డాక తీసేస్తే పాఠకులు ఊరుకోరు. కాబట్టి గట్టిగా చూడాల్సింది కొనేముందే. లైబ్రరీ సిబ్బందితో పాటు లైబ్రరీ బోర్డుల్లో, లైబ్రరీకి అండగా ఉండే ఫ్రెండ్స్ గ్రూపుల్లో ఉన్న తెలుగువాళ్లకూ పనికొచ్చేలా ఆ పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాం.

1. ఊరికి ఏం కావాలో ముందు తేల్చుకోండి

ఒక నెలపాటు రిఫరెన్స్ డెస్క్ దగ్గర నోట్‌బుక్ పెట్టండి. వంశచరిత్ర గురించి ఎవరు అడిగినా ఏ ప్రాంతం, ఏ కాలం, ఏ రకం రికార్డు అన్నవి మాత్రం రాయండి. అడిగినవారి పేరు రాయకూడదు. పాఠకుల గోప్యత మొదటి రోజు నుంచే మొదలవుతుంది.

తర్వాత మీ కౌంటీలో ఎవరెవరు ఎప్పుడు వచ్చి స్థిరపడ్డారో చూడండి. ఐరిష్, ఇంగ్లిష్ కుటుంబాలు ఎక్కువైతే బ్రిటన్ రికార్డులు బలంగా ఉన్న సేవ కావాలి. నల్లజాతి కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఊరైతే లెక్క వేరు. 1850, 1860 జనగణనల్లో బానిసల జాబితాలు యజమాని పేరు మీదే ఉంటాయి. బానిసలుగా ఉన్నవారికి సాధారణంగా వయసు, లింగం, రంగు మాత్రమే రాశారు. వారిలో చాలామంది పేర్లు మొదట కనిపించేది 1870 జనగణనలోనే. ఆ గోడ దాటి వెనక్కి వెళ్లాలంటే బానిసత్వం నుంచి విడుదలైనవారి కోసం పెట్టిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో, ఫ్రీడ్‌మన్స్ బ్యాంక్ రికార్డులు తప్పనిసరి. అవి ఉన్నాయా, పేరుతో వెతికేలా ఉన్నాయా అన్నది అమ్మకందారును మొదటే అడగాలి.

2. ఉచితంగా దొరికేదానికి డబ్బు కట్టకండి

అన్నిటికంటే ఎక్కువ డబ్బు మిగిల్చే మెట్టు ఇదే. ఫ్యామిలీసెర్చ్ అనే వంశచరిత్ర వెబ్‌సైట్ పూర్తిగా ఉచితం. అమెరికా ఫెడరల్ జనగణనలు 1790 నుంచి 1950 వరకు అందులో ఉన్నాయి. దాని రికార్డుల్లో కొన్ని ఇంటి నుంచి తెరుచుకోవు, గుర్తింపు పొందిన అనుబంధ లైబ్రరీలోనో ఫ్యామిలీసెర్చ్ సెంటర్‌లోనో కూర్చునే చూడాలి. కాబట్టి చందా గురించి ఆలోచించకముందే మీ లైబ్రరీని అనుబంధ లైబ్రరీగా నమోదు చేయించండి. పాత పత్రికలకు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి క్రానిక్లింగ్ అమెరికా అనే ఉచిత వెబ్‌సైట్ ఉంది. రాష్ట్ర ఆర్కైవ్స్ ఏమేం స్కాన్ చేసి పెట్టిందో, రాష్ట్ర లైబ్రరీ అన్ని ఊళ్లకూ కలిపి ఏదైనా సేవ ఇప్పటికే కొన్నదో కూడా కనుక్కోండి.

ఇప్పుడొక పట్టిక గీయండి. మొదటి నోట్‌బుక్‌లోని అవసరాలు ఎడమవైపు, వాటిలో ఉచితంగా తీరేవి కుడివైపు. ఖాళీగా మిగిలిన గడులకోసమే కొనాలి. చాలాచోట్ల మిగిలేవి నగర డైరెక్టరీలు (ఊళ్లో ఉండేవారి పేర్లు, చిరునామాల పుస్తకాలు), స్కూలు ఇయర్‌బుక్‌లు, పత్రికల్లో మరణవార్తలు, విదేశీ రికార్డులు.

3. పేర్లు దగ్గరగా ఉన్నా సరుకు వేరు

యాన్సెస్ట్రీ అనే వంశచరిత్ర కంపెనీ లైబ్రరీలకిచ్చే యాన్సెస్ట్రీ లైబ్రరీ ఎడిషన్‌ను సాధారణంగా లైబ్రరీ భవనంలోనే వాడాలి. కోవిడ్ సమయంలో ఇంటి నుంచి అనుమతించినా అది తాత్కాలికమే. ఇంట్లో వ్యక్తిగత చందాతో వచ్చే వంశవృక్షం తయారీ, డీఎన్ఏ ఫలితాలు ఇందులో ఉండవు. హెరిటేజ్‌క్వెస్ట్ ఆన్‌లైన్ వెనక 2015 నుంచి యాన్సెస్ట్రీయే ఉంది. సరుకు తక్కువ, కానీ లైబ్రరీ కార్డుతో ఇంటి నుంచి తెరుచుకుంటుంది. ఫోల్డ్3 సైనిక రికార్డులకు ప్రత్యేకం. యూరప్ కుటుంబాలకు మైహెరిటేజ్ లైబ్రరీ ఎడిషన్ ఉపయోగపడుతుంది. బ్రిటన్, ఐర్లండ్‌లకు ఫైండ్‌మైపాస్ట్ ఉంది. న్యూ ఇంగ్లండ్ కుటుంబాలకు 1845లో పుట్టిన అక్కడి వంశచరిత్ర సంఘం నడిపే అమెరికన్ యాన్సెస్టర్స్ ఉంది.

యాన్సెస్ట్రీ, హెరిటేజ్‌క్వెస్ట్ రెండూ కొనేవారు ఒకే జనగణనకు రెండుసార్లు డబ్బు కడుతున్నారని గుర్తుంచుకోవాలి. భవనంలో లోతు, ఇంటి దగ్గర సౌకర్యం రెండూ నిజంగా కావాలనుకుంటే తప్ప అది వృథా.

అమ్మకందారు చెప్పే వందల కోట్ల రికార్డుల సంఖ్యను పట్టించుకోవద్దు. ఒక మనిషి జనన నమోదును మూడు సూచికల (ఇండెక్స్‌ల) నుంచి తీసుకుంటే మూడు రికార్డులవుతాయి. సంకలనం పేరులో ఉన్న సంవత్సరాలనూ నమ్మకండి, లోపలికి వెళ్లి మీ కౌంటీకి ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు అసలు పేజీల చిత్రాలున్నాయో చూడండి. అసలు ప్రపంచంలోనే లేని రికార్డులు కొన్నున్నాయి. 1890 అమెరికా జనగణనలో అత్యధిక భాగం 1921 అగ్నిప్రమాదంతో పోయింది. ఇంగ్లండ్, వేల్స్‌ల 1931 జనగణన 1942లో కాలిపోయింది, యుద్ధంవల్ల 1941లో జనగణనే జరగలేదు. అందుకే యుద్ధం మొదలవగానే పౌరుల వివరాలు నమోదు చేసిన 1939 రిజిస్టర్ అక్కడ అంత విలువైనది. ఈ సంగతి తెలిస్తే లేనిదానికి డేటాబేస్‌ను తప్పుపట్టరు, ఉందన్నవారినీ నమ్మరు.

4. ట్రయల్‌లో జవాబు తెలిసిన ప్రశ్నలే అడగండి

సాధారణంగా ముప్పై రోజుల ట్రయల్ ఇస్తారు. ఊరికే పేర్లు కొట్టి చూస్తే ఏ సేవైనా బాగానే అనిపిస్తుంది. జవాబు ముందే తెలిసిన పదిహేను ఇరవై ప్రశ్నలు సిద్ధం చేసుకుని అన్ని సేవలకూ అవే పెట్టండి. సగం మీ ఊరి స్థానిక చరిత్ర గదిలోని కాగితాల నుంచి తీసుకోండి, మిగతావి అందరికీ తెలిసినవారివి కావచ్చు.

విమానం కనిపెట్టిన రైట్ సోదరులు దీనికి మంచి ఉదాహరణ. విల్బర్ 1867లో ఇండియానాలో, ఆర్విల్ 1871లో డేటన్‌లో పుట్టారు. కుటుంబం డేటన్‌దే అనుకుని ఒహాయోలో మాత్రమే వెతికితే 1880 జనగణనలో దొరకరు, ఎందుకంటే 1878 నుంచి 1881 వరకు వాళ్లు అయోవాలోని సీడర్ రాపిడ్స్‌లో ఉన్నారు. రాష్ట్రం చెప్పకుండా, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన ఏడాది మాత్రమే ఇచ్చి వెతికినప్పుడు ఆ పేజీ మొదటి పది ఫలితాల్లో వస్తుందా? ఇక తిరగేసి అడగండి. ఆర్విల్ 1948 జనవరిలో చనిపోయారు. 1950 జనగణనలో ఆయన్ను వెతికితే వచ్చేది అదే పేరున్న మరొకరు మాత్రమే. దాన్ని సేవ ‘సరిపోయింది’ అంటూ పైన పెడితే కొత్త పాఠకులు మోసపోతారు.

ప్రతి ప్రశ్నకూ నాలుగు సంగతులు రాసుకోండి: దొరికిందా, ఎన్నో ఫలితంగా వచ్చింది, అసలు పేజీ చిత్రం ఉందా లేక టైపు చేసిన సూచిక మాత్రమేనా, ఆ రికార్డు ఏ ఆర్కైవ్స్‌దో మూలం చెప్పారా. చిత్రం లేని సూచికకు నేను సగం మార్కులే ఇస్తాను. చేతిరాత చదివినవాడో యంత్రమో తప్పు చదివితే దాన్ని పట్టుకునే దారి చిత్రం ఒక్కటే. పేరు ఒక అక్షరం తప్పుగా కొట్టి, తెలియని అక్షరాల బదులు నక్షత్రం గుర్తు (*) వాడి, ఇంటిపేరు వదిలేసి కూడా వెతకండి. పాత రికార్డుల్లో మంచి వెతుకులాట అంటే తప్పుల్ని దాటి వెళ్లగలగడమే.

తెలుగు కుటుంబాల కోసం అడిగేవారికి

మనవాళ్లలో అధికులు 1965 వలస చట్టం తర్వాత వచ్చారు. జనగణన 72 ఏళ్లు మూసి ఉంటుంది కాబట్టి 1960ది 2032 ఏప్రిల్ దాకా తెరుచుకోదు. ఈ మాట చెప్పకుండా తెలుగు పాఠకుల పేరు మీద ఖరీదైన చందా కొనడం సరికాదు. వారికి నగర డైరెక్టరీలు, పత్రికలు, పౌరసత్వ రికార్డులు ఎక్కువ పనికొస్తాయి. పేర్లతోనూ జాగ్రత్త. ఇంటిపేరు ముందు రాసే అలవాటువల్ల ఫారాల్లో అది కొన్నిసార్లు మొదటిపేరైంది, రావు, రెడ్డి వంటివి ఇంటిపేరయ్యాయి. రెండు వరుసల్లోనూ వెతకగలిగేలా సేవ ఉండాలి.

భారతదేశపు మూలాలకు ఉచిత దారులే మేలు. హరిద్వార్ వంటి తీర్థాల పండాల వహీలు (పురోహితులు రాసి ఉంచిన యాత్రికుల వంశావళి పుస్తకాలు) ఫ్యామిలీసెర్చ్‌లో చిత్రాలుగా ఉన్నాయి. బ్రిటిష్ ఇండియాలో పనిచేసినవారి కుటుంబాలకు ఫిబిస్ అనే సంఘం డేటాబేస్ ఉంది. 19వ శతాబ్దంలో కోరంగి రేవు నుంచి మారిషస్‌కు, మద్రాసు నుంచి 1860లో ట్రూరో ఓడతో మొదలై దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు వెళ్లిన ఒప్పంద కూలీల వారసులైతే ఓడ జాబితాలు, ఇమిగ్రేషన్ రిజిస్టర్లు చూడాలి. మారిషస్‌వి మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి.

5. సిబ్బంది కంప్యూటర్ మీద కాదు, పాఠకుల కంప్యూటర్ మీద

పాఠకులు వాడే యంత్రం మీద, ఫోన్ మీద పరీక్షించండి, ఇంటి దగ్గర ఉన్న ఇంకొకరితో చాట్‌లో మాట్లాడుతూ అక్కడి నుంచి కూడా పరీక్షింపజేయండి. భవనంలో ఐపీ చిరునామాతో (లైబ్రరీ ఇంటర్నెట్‌ను గుర్తుపట్టి దానంతటదే), బయట కార్డు నంబరుతో లాగిన్ అవుతుందా? గడువు దాటిన కార్డును ఆపుతుందా? చిత్రాన్ని ప్రింట్ తీస్తే జనగణన వరుస చదవగలిగేంత స్పష్టంగా వస్తుందా, లేక అంచులు కత్తిరించుకుపోతాయా? పెద్ద కాగితం మీద ప్రింట్ అయ్యే దారి లేకపోతే ఫైలుగా దించుకునే వీలు ఉండాలి. కళ్లు కనిపించనివారు వాడే, తెరమీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో వెతుకు ఫారం నింపి చూడండి. వికలాంగులూ వెబ్‌సైట్లు వాడగలిగేలా పెట్టిన డబ్ల్యూసీఏజీ 2.1 ప్రమాణంలో డబుల్-ఏ స్థాయి అందుకుంటుందని తెలిపే పత్రాన్ని రాతపూర్వకంగా అడగండి. వాడాలంటే పాఠకుడు సొంత ఈమెయిలుతో ఖాతా తెరవక తప్పదంటే ఆ వివరాలు ఎక్కడికి పోతాయో స్పష్టంగా చెప్పించుకోండి.

6. ధర, వాడకం లెక్క

ధరను సాధారణంగా లైబ్రరీ సేవ చేసే జనాభాతో లెక్కగడతారు. జనాభా ఏ ఏడాదిది తీసుకున్నారో అడగండి. కన్సార్షియం (కలిసి కొనే లైబ్రరీల సమాఖ్య) ద్వారా కొంటే తగ్గుతుందేమో ముందే చూడండి.

వాడకానికి కౌంటర్ (ఆన్‌లైన్ సేవల వాడకాన్ని ఒకే తీరులో లెక్కించే) ప్రమాణంలో నివేదిక ఇస్తారా అని అడగండి. ఇవ్వకపోతే తమ సంఖ్యలకు అర్థమేమిటో రాయించుకోండి. ఉదాహరణకు చందా 2,400 డాలర్లు అనుకుందాం. ఏడాదిలో 24,000 వెతుకులాటలు జరిగితే ఒక్కొక్కటికి పది సెంట్లు, చూడ్డానికి చవక. కానీ వంశచరిత్రలో ఒక మనిషికోసం ఒకరే నలభైసార్లు వెతుకుతారు. తెరిచి చూసిన రికార్డులు 3,000 అయితే ఒక్కొక్కదానికి ఎనభై సెంట్లు. రెండో లెక్కే పోల్చడానికి పనికొస్తుంది. లైబ్రరీ అంతటినీ ఒకేసారి వెతికే పెట్టె నుంచి వచ్చిన ఆటోమేటిక్ వెతుకులాటలను విడిగా చూపమనండి, అవి పాఠకుడి ఆసక్తికి గుర్తు కావు. ఒకేసారి ఇంతమందే అన్న పరిమితి ఉంటే, పరిమితి నిండి వెనుదిరిగినవారి సంఖ్యను నెలనెలా గమనించండి.

7. సంతకం ముందు

ఏటా ధర పెరుగుదలకు పైపరిమితి, చందా నడుస్తుండగా ఏదైనా సంకలనం తీసేస్తే ముందుగా చెప్పే గడువు, ఒప్పందం దానంతటదే కొనసాగే నిబంధన. ఈ మూడింటినీ ఒప్పందం కాగితంలోనే చూడండి, ఫోన్‌లో ఇచ్చిన మాటకు విలువ లేదు. ఆటోమేటిక్ కొనసాగింపు ఉంటే రద్దు చేయడానికి నోటీసు ఇవ్వాల్సిన ఆఖరి తేదీ ఎప్పుడో చూసి, దానికి రెండు నెలల ముందు రోజును సిబ్బంది క్యాలెండర్‌లో రాసిపెట్టండి. అప్పటికి ఏడాది నివేదిక, పాత ప్రశ్నల పట్టిక రెండూ చేతిలో ఉంటే కొనసాగించాలో ఆపాలో అరగంట సమావేశంలో తేలుతుంది.