ఈస్ట్‌తో బెలూన్ ఉబ్బించాలంటే ముందు నీళ్లు చూసుకోండి

కణం శక్తిని ఎలా వాడుకుంటుందో పిల్లలకు చూపించడానికి అరలీటరు ఖాళీ సీసా, ఒక బెలూన్, రెండు చెంచాల చక్కెర, చెంచాడు డ్రై ఈస్ట్ (పిండిని పులియబెట్టే, ఒకే కణం ఉన్న జీవి) చాలు. ఈస్ట్ బేకరీ సామాన్ల షాపుల్లో దొరుకుతుంది.

తేడా కొట్టేది నీళ్ల దగ్గరే. మొదటిసారి నేను టీకి మరిగించిన నీళ్లే పోసేశాను, గంటన్నర కూర్చున్నా బెలూన్ ఉలకలేదు పలకలేదు, ఎందుకంటే 60 డిగ్రీల వేడికే ఈస్ట్ చచ్చిపోతుంది. 35 నుంచి 40 డిగ్రీలు ఉండాలి, అంటే వేలు పెడితే గోరువెచ్చగా తగలాలి. హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నమైతే స్టవ్ వెలిగించే పనే లేదు, మేడమీద ట్యాంకు నీళ్లు ఒక్కోసారి కాలిపోతుంటాయి కూడా, కాసేపు బకెట్లో ఆరనివ్వండి.

గ్లాసుడు నీళ్లలో చక్కెర కరిగించి, ఈస్ట్ వేసి, సీసాలో పోసి, మూతికి బెలూన్ తొడగండి. బెలూన్‌ను ముందే రెండుసార్లు ఊది వదిలితే సాగుతుంది. మూత మాత్రం బిగించొద్దు, గ్యాస్‌కి సీసా పగలొచ్చు. తర్వాత సీసాను గోరువెచ్చని నీళ్ల గిన్నెలో నిలబెట్టండి. గ్రాము నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే 4.18 జౌల్స్ కావాలి, చల్లారడమూ అంతే నిదానం, అందుకే గిన్నెలో వేడి తొందరగా పోదు. మన ఒంటి వేడి ఉన్నట్టుండి పెరగకుండా, తగ్గకుండా ఆపడంలోనూ ఈ గుణానిదే పెద్ద పాత్ర.

పావుగంటకు నురగ లేస్తుంది, సీసా దగ్గర ముక్కు పెడితే అచ్చం కల్లు వాసన. బెలూన్ లేచి నిలబడటానికి గంట పట్టొచ్చు. లోపల సంగతేంటంటే, చక్కెర ఐదొందల నోటు లాంటిది, ఆటో అన్నకిస్తే చిల్లర లేదంటాడు. కణానికి ఆ చిల్లర ఏటీపీ, అంటే పనులకు వెంటనే ఖర్చుపెట్టుకునే శక్తిని మోసే అణువు. దాన్ని 1929లో గుర్తించినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఆక్సిజన్ వాడుకుంటే ఒక్క గ్లూకోజ్ అణువుకి దాదాపు 30 ఏటీపీలు వస్తాయి, పులియబెడితే రెండే. అందుకే ఈస్ట్ అంత చక్కెర మింగి అంత గ్యాస్ వదులుతుంది.

ఓపికుంటే చక్కెర వేయకుండా ఇంకో సీసా కూడా పెట్టండి. అందులోనూ నాలుగు బుడగలు రావచ్చు, కంగారు పడొద్దు, అది ఈస్ట్ గ్లైకోజెన్ (చక్కెర అణువులు గొలుసుగా కలిసిన నిల్వ) రూపంలో ముందే దాచుకున్న సరుకు.