ఎలక్ట్రిక్ కారు మడ్‌ఫ్లాపులు: ఒరుసుకుంటే, కొట్టుకుంటే, ఊడిపోతే ఏం చేయాలి

టైరు చిమ్మే బురదను ఆపడానికి చక్రాల వెనక వేలాడదీసే మడ్‌ఫ్లాపులు బయట కొన్నవైనా, రబ్బరు షీటు కత్తిరించి ఇంట్లో చేసుకున్నవైనా, బిగించిన తర్వాత తలెత్తే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం కొలతలోనే ఉంటుంది. చక్రాలు తిన్నగా ఉండగా, లోపల ఎవరూ కూర్చోకుండా, కారు నిలబడి ఉన్నప్పుడు కొలత తీసుకుంటాం. నడిచే కారులో చక్రం పక్కలకు తిరుగుతుంది, బరువు పడినప్పుడు వీల్ ఆర్చిలోకి (చక్రం మీదుండే బాడీ వంపులోకి) లేస్తుంది, గాలి ఫ్లాపును వెనక్కి నెడుతుంది. కింది పరిష్కారాల్లో దేనికీ కారు బాడీకి కొత్త రంధ్రం వేయనక్కరలేదు. రంధ్రం వేసిన చోట రంగు పోయి తుప్పు మొదలవుతుందన్నది ఒక కారణమైతే, చక్రాల మధ్య కారు అడుగంతా బ్యాటరీ ప్యాకు పరుచుకుని ఉంటుందన్నది అంతకంటే పెద్ద కారణం.

మలుపులో టైరు దగ్గర బర్రుమనే చప్పుడు

ఇంజను మోత లేని కారు కనుక ఈ చప్పుడు మొదటి మలుపులోనే వినిపిస్తుంది. అది ఒకందుకు మేలే. ఎక్కడ తగులుతోందో ఊహించి కత్తిరించడం మొదలుపెడితే ఫ్లాపు చిన్నదైపోతుందే తప్ప చప్పుడు పోదు. ముందుగా ఫ్లాపుకు టైరు వైపున్న ముఖాన్ని తడిలేకుండా తుడిచి, సుద్దముక్కతో దట్టంగా రుద్దండి. ఖాళీ స్థలంలో స్టీరింగును ఈ చివరి నుంచి ఆ చివరి వరకు తిప్పుతూ నెమ్మదిగా రెండు మూడు చుట్లు నడిపి దిగి చూస్తే, టైరు తగిలిన చోట సుద్ద తుడుచుకుపోయి, వేలి వెడల్పున నల్లటి చార కనబడుతుంది.

చార ఏ అంచున ఉందో చూస్తే కారణం తెలుస్తుంది. ఎడమ ముందు చక్రాన్నే తీసుకుంటే, స్టీరింగు కుడికి తిప్పినప్పుడు టైరు వెనక భాగం బయటికి వచ్చి ఫ్లాపు బయటి అంచును తాకుతుంది; ఎడమకు తిప్పినప్పుడు లోపలికి జరిగి లోపలి అంచును తాకుతుంది. కుడి చక్రానికి ఇదే తిరగేసి చూసుకోవాలి. చార ఉన్న అంచును, చార కంటే మరో 10 మిల్లీమీటర్లు ఎక్కువగా, మూల గుండ్రంగా వచ్చేలా కత్తిరించి, రెండో వైపు ఫ్లాపును కూడా అదే నమూనాతో కోయండి. కోత పెట్టే ముందు అట్టముక్క మీద గీసుకుంటే తప్పు అట్టతోనే పోతుంది.

తిన్నగా వెళ్తుంటే ఏమీ లేక, నలుగురు ఎక్కి గతుకులో పడినప్పుడు మాత్రమే ఒరుసుకుంటోందంటే అది వెడల్పు సమస్య కాదు. ఫ్లాపు పైభాగం టైరుకు మరీ దగ్గరగా వాలి ఉందని అర్థం. రబ్బరైతే బిగించే చోట అదనపు వాషర్లు వేసి వాలును మార్చవచ్చు. ప్లాస్టిక్‌దైతే కారు నుంచి విప్పి, హీట్ గన్‌తో మెత్తబరిచి, వెనక్కి వంచి, చల్లారే వరకు చేత్తో పట్టుకోవాలి. మామూలు కార్లలో వెనక చక్రాలు పక్కలకు తిరగవు కనుక, అక్కడ చప్పుడు వస్తే దాదాపు ఎప్పుడూ ఇదే కారణం. రివర్సులో మాత్రమే వస్తే ఫ్లాపు పొడవు ఎక్కువై, ఏ గట్టుకో తగిలి టైరు కిందికి మడుచుకుంటోందన్నమాట. కింది అంచును తగ్గించడమే మార్గం.

లైనరు చిరగడం, ఫ్లాపు ఊడిపోవడం

వీల్ ఆర్చి లోపల తొడుగులా ఉండే లైనరు చాలా ఎలక్ట్రిక్ కార్లలో గట్టి ప్లాస్టిక్ కాకుండా, రోడ్డు శబ్దాన్ని పీల్చుకోవడానికి దళసరి కంబళిలాంటి పదార్థంతో చేసి ఉంటుంది. బరువైన ఫ్లాపును చిన్న తల ఉన్న స్క్రూతో దానికి తగిలిస్తే, కుదుపులకు రంధ్రం సాగి స్క్రూ బయటికి వచ్చేస్తుంది. నేను మొదటిసారి పాత కన్వేయర్ బెల్టు ముక్కతో ఫ్లాపులు చేసి, ఎంత గట్టివో అని మురిసిపోయాను. పది రోజులకు ఒకటి లైనరు ముక్కతో సహా రోడ్డు మీద పడింది. 3 మిల్లీమీటర్ల రబ్బరు గాని, పాలిథిలీన్ షీటు గాని ఈ పనికి చాలు.

స్క్రూ తల కింద వెడల్పాటి స్టెయిన్‌లెస్ వాషరు, లైనరు వెనక అవకాశముంటే మరొకటి వేసి, కంపెనీ ఇచ్చిన రంధ్రాల్లోనే కనీసం మూడు చోట్ల బిగించండి. తీసిన స్క్రూ పొడవు కొలిచి, దానికి ఫ్లాపు, వాషరు మందం మాత్రమే కలపాలి: 16 మిల్లీమీటర్ల స్క్రూ ఉన్న చోట 20 సరిపోతుంది, చేతికి దొరికిందని 40 వేస్తే వెనకున్న వైరులోకి దిగవచ్చు. పాలిథిలీన్‌కు జిగురు సరిగా అంటదు కనుక డబుల్ టేపును నమ్ముకోవద్దు.

వేగం పెరిగితే టపటపా కొట్టుకోవడం

పైన గట్టిగా ఉండి, కింది సగం మెత్తగా వేలాడే ఫ్లాపు గాలికి జెండాలా కొట్టుకుంటుంది. స్క్రూలు వదులయ్యాయేమో చూసి, అవి సరిగా ఉంటే పొడవు తగ్గించండి, లేదా కాస్త గట్టి షీటుకు మారండి.

ఫ్లాపు అంచు వెంట రంగు అరగడం

ఫ్లాపుకు, బాడీకి మధ్య చేరిన ఇసుక ప్రతి కుదుపుకూ గరుకు కాగితంలా రుద్దుతుంది. తీసి చూస్తే ఆ అంచు ఆకారంలోనే మసకబారిన గీత ఉంటుంది. లోహం బయటపడితే టచప్ రంగు వేయాలి. తర్వాత తగిలే మేరకు పారదర్శక రక్షణ ఫిల్ము అతికించి, ఫ్లాపు అంచులు నునుపు చేసి, మధ్యలో 2, 3 మిల్లీమీటర్ల సందు వదలండి; నీళ్లు కొట్టినప్పుడు ఇసుక కొట్టుకుపోవాలి. ఆ సందును సిలికాన్‌తో మూసేయాలని చాలామందికి తోస్తుంది గాని, అది తడిని లోపలే బంధిస్తుంది. పైగా వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ లోహాన్ని తినేస్తుంది.

బిగించాక ఏబీఎస్ దీపం వెలగడం

చక్రం వేగాన్ని కొలిచే సెన్సరు వైరు వీల్ ఆర్చి లోపలి నుంచే వెళ్తుంది. అది లైనరు వెనక నలిగినా, క్లిప్పు నుంచి జారి టైరుకు రాసుకున్నా ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసేది), స్టెబిలిటీ కంట్రోల్ (కారు పక్కకు జారకుండా చూసేది) దీపాలు వెలుగుతాయి. కొన్ని కార్లలో రీజెనరేటివ్ బ్రేకింగ్ (వేగం తగ్గేటప్పుడు బ్యాటరీకి కరెంటు తిరిగి పంపడం) కూడా తగ్గిపోతుంది. కారు ఆపి, చివరగా బిగించిన స్క్రూను తీసి, వైరును దాని క్లిప్పులోకి తిరిగి నెట్టండి. పైతొడుగు తెగి ఉంటే టేపు చుట్టి సరిపెట్టుకోకుండా వైరు మార్పించాలి. లైనరు వెనక నారింజ రంగు తొడుగున్న కేబుల్ కనబడితే అది హై వోల్టేజీది. దాని దగ్గర పని అక్కడితో ఆపేయాలి. చక్రం విప్పవలసి వస్తే జాకీని మాన్యువల్‌లో చూపిన చోటే పెట్టాలి, బ్యాటరీ ప్యాకు కింద కాదు.

రేంజి (ఒక్క చార్జింగుతో వెళ్లే దూరం) తగ్గినట్లు అనిపించడం

గాలి నిరోధం వేగం వర్గంతో పాటు పెరుగుతుంది కనుక వెడల్పాటి ఫ్లాపుల ప్రభావం హైవే మీద కొంత ఉంటుంది, ఊళ్లో దాదాపు ఉండదు. టైరు వెడల్పును మించి బయటికి పొడుచుకొచ్చిన భాగాన్ని కోసేయండి. అయితే ముందు టైరుకు ముందువైపు ఉండే చిన్న ప్లాస్టిక్ పెదవిని మాత్రం ముట్టుకోవద్దు. అది మడ్‌ఫ్లాపు కాదు, గాలిని టైరు నుంచి మళ్లించడానికి పెట్టింది. నేరం ఫ్లాపులదేనని తేల్చే ముందు మరో సంగతి చూడాలి. ఇవి బిగించేది ఎక్కువగా వానాకాలం ముందర; తడి రోడ్డు టైరును ఎక్కువగా అడ్డుకుంటుంది, అద్దాల మీద ఆవిరి పోగొట్టడానికి ఏసీ నడుస్తుంది, ఆ లెక్కంతా ఫ్లాపుల ఖాతాలో పడిపోతుంది. పొడి రోజున టైర్ల గాలి ఒకేలా ఉంచి, అదే రోడ్డు మీద అదే వేగంతో ఫ్లాపులతో ఒకసారి, తీసేసి ఒకసారి నడిపి, కిలోమీటరుకు ఖర్చయిన కరెంటును, అంటే వాట్ అవర్లను, పోల్చండి.