బండిదారి గొడవ మీడియేషన్‌లో తీరింది

పొలానికి వెళ్లే బండిదారి కోసం మా బాబాయి మీద దావా వేశాను. వాయిదాల మీద వాయిదాలు, ఇంట్లో ఒకటే టెన్షన్. చివరికి సీపీసీ (సివిల్ కోర్టుల విధాన చట్టం) సెక్షన్ 89 కింద మీడియేషన్‌కు, అంటే మధ్యవర్తి దగ్గర మాట్లాడుకుని రాజీపడేందుకు, పంపమని మా వకీలుతో అడిగించాను.

జిల్లా న్యాయసేవాధికార సంస్థలో మధ్యవర్తి మా ఇద్దరితో విడివిడిగా కూడా మాట్లాడారు. అప్పుడు తెలిసింది, బాబాయికి దారి ఇవ్వడం మీద అభ్యంతరమే లేదు. ట్రాక్టర్ మలుపు తిరిగినప్పుడల్లా ఆయన వరిమడి గట్టు తెగి నీళ్లు పోతున్నాయి. ఈ మాట కోర్టు కాగితాల్లో ఎక్కడా లేదు! మలుపు దగ్గర తూము వేసి, గట్టుకు రాతికట్టు కట్టించే ఖర్చు నాది. 12 అడుగుల దారి వదలడం ఆయన వంతు. సర్వే నంబరు, కొలతలు, గడువు అన్నీ రాయించుకోండి, నోటిమాట చాలదు.

ఆ రాజీని లోక్ అదాలత్‌లో (రాజీతో కేసులు తేల్చే వేదిక) అవార్డు, అంటే అధికారిక ఉత్తర్వు, చేయించాం. అది డిక్రీతో (కోర్టు తీర్పు ఉత్తర్వుతో) సమానం, అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది. ఎవరైనా మాట తప్పితే దాని మీదే ఎగ్జిక్యూషన్ (అమలు చేయించమనే పిటిషన్) వేయొచ్చు.