ట్రయల్ గ్రూపుల మధ్య బేస్‌లైన్ తేడా ఉంటే విశ్లేషణ ఎలా చేయాలి?

థీసిస్ ఏదైనా నేను ముందు చూసేది టేబుల్ వన్, అంటే మందు మొదలుపెట్టకముందు (బేస్‌లైన్) గ్రూపులు ఎలా ఉన్నాయో చూపే పట్టిక. అందులో పీ విలువల (అసలు తేడా లేకపోయినా, యాదృచ్ఛికంగా ఇంత లేదా అంతకు మించిన తేడా కనిపించే సంభావ్యత) కాలమ్ కనిపిస్తే కొట్టేస్తాను. ఎవరు ఏ గ్రూపులోకి వెళ్లాలో చీటీ తీసినట్టు నిర్ణయించాక, వచ్చిన తేడా యాదృచ్ఛికమేనని మనకు ముందే తెలుసు. మళ్లీ పరీక్ష దేనికి? 20 అంశాలు పరీక్షిస్తే సగటున ఒకటి 0.05 కిందికి వచ్చి ‘సిగ్నిఫికెంట్’ అనిపించుకుంటుంది, ఇక అందరికీ టెన్షన్. ట్రయల్ ఫలితాలు ఎలా రాయాలో చెప్పే కన్సార్ట్ మార్గదర్శకాలు కూడా ఈ పరీక్షలు వద్దనే అంటాయి. సగటు, ఎస్‌డీ (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత), శాతాలు చాలు. దశాంశం తర్వాత ఒక్క అంకె, అంతకు మించి వద్దు.

అసలు చిక్కు ఏ అంశాలకు సర్దుబాటు చేయాలన్న దగ్గర, అంటే మందు ప్రభావం లెక్కించేటప్పుడు వేటిని కూడా లెక్కలోకి తీసుకోవాలన్న దగ్గర. టేబుల్ చూసి, తేడా ఉన్నవాటిని ఏరుకోవడం తప్పు. ఫలితాన్ని గట్టిగా ప్రభావితం చేసేవేవో డేటా తెరవకముందే విశ్లేషణ ప్రణాళికలో రాసిపెట్టాలి. స్ట్రాటిఫై చేసిన అంశాలు, అంటే గ్రూపులు పంచేటప్పుడే రెండు వైపులా సమంగా ఉండేలా చూసినవి, తప్పనిసరి. వయసు నేనైతే ఎప్పుడూ వదలను, దాన్ని 60కి పైన, కింద అని ముక్కలు చేయనివ్వను. మందు మొదలుపెట్టాక కొలిచినవి మాత్రం అసలు చేర్చకూడదు.

తేడా చిన్నదేలే అనుకోకండి. ప్రైమరీ బిలియరీ సిర్రోసిస్ అనే కాలేయ జబ్బులో అజథయోప్రిన్ అనే మందు ట్రయల్ ఫలితాలు 1985లో వచ్చాయి. గ్రూపుల మధ్య బిలిరుబిన్ (కామెర్లలో రక్తంలో పెరిగే పసుపు పదార్థం) తేడా ‘సిగ్నిఫికెంట్’ కాదు. కానీ ఆ జబ్బులో రోగి ఎన్నాళ్లు బతుకుతాడో చెప్పేది ముఖ్యంగా బిలిరుబినే. దాన్ని లెక్కలోకి తీసుకున్నాకే మందు ప్రయోజనం స్పష్టమైంది. పీ విలువను నమ్ముకుని ఉంటే అది బయటపడేదే కాదు.

ఇక లెక్క. బీపీ ట్రయల్ అనుకుందాం. చివరి బీపీ మనం అంచనా వేసే ఫలితం; మొదటి బీపీ, గ్రూపు అనేవి దాన్ని వివరించే చలాంకాలు. ఇదే యాన్‌కోవా, ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఒక్క లైను పని. ‘ఎంత తగ్గింది’ అని తీసివేతలు పోల్చి ఊరుకునేవాళ్లు చాలామంది. మొదట బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లకు మందు లేకపోయినా రెండోసారి కొంత దిగుతుంది, కాబట్టి ఆ గ్రూపుకు ఊరికే మార్కులు పడతాయి. తీసివేతే కావాలని గైడు పట్టుబడితే, మొదటి బీపీని కూడా మోడల్‌లో ఉంచండి. మందు ప్రభావం అంచనా అచ్చం అదే వస్తుంది, గొడవ ఉండదు.

సర్దుబాటు చేసినదీ, చేయనిదీ రెండు ఫలితాలూ ఇవ్వండి. ఏది ప్రధానమో ప్రణాళికలో ముందే ఉండాలి.

తేడా మరీ విడ్డూరంగా ఉంటే, ముసలివాళ్లంతా ఒకే గ్రూపులో చేరితే, మోడల్ పక్కనపెట్టి, ఎవరిది ఏ గ్రూపో రాసి మూసిపెట్టిన కవర్ల సంగతి ఆరా తీయండి. ఒకసారి నేను అడిగితే, లైటుకు అడ్డం పెట్టి చూశామని నవ్వుతూ చెప్పారు. దానికి యాన్‌కోవా మందు కాదు.