ఇంటి సువాసన మొక్కలు – 5వ పాఠం: బెట్ట ఎంతవరకు?

నాలుగో పాఠంలో, ఆకులో సువాసన నూనె ఘాటెక్కాలంటే ‘కోతకు ముందు నీళ్లు తగ్గించండి’ అన్నాను. ఇలా నీళ్లు చాలక మొక్క పడే దాహమే బెట్ట. తగ్గించమంటే చాలామంది మానేశారు. తాడిపత్రి నుంచి ఒకరు పుల్లలు మాత్రమే మిగిలిన పుదీనా కుండీ ఫొటో పంపి, ‘వాసన మాత్రం ఘుమఘుమలాడుతోంది’ అని రాశారు. నూనె తీసే పాఠం వచ్చే నెలకు వాయిదా.

అనంతపురం జిల్లాలో వేరుశనగ వేసే ఇళ్లవారికి ఇది కొత్త కాదు. విత్తిన తొలి మూడు వారాల్లో కాస్త బెట్ట తగిలితే పూత కలిసికట్టుగా వస్తుంది. పూత తర్వాత ఊడలు (కాయ కట్టే కాడలు) మట్టిలోకి దిగేటప్పుడు అదే బెట్ట పడితే కాయ దక్కదు.

నీళ్లు తగ్గగానే ముందు ఆగేది ఆకు విప్పారడం. తులసి ఆకుపై నూనె గ్రంథులు చాలావరకు లేతగా ఉన్నప్పుడే ఏర్పడతాయి. ఊదని బుడగ మీద కలంతో చుక్కలు పెట్టి చూడండి, ఊదేకొద్దీ దూరం జరుగుతాయి. చిన్న ఆకు ఘాటుగా ఉండటానికి ఇదొక కారణం. బెట్ట ముదిరితే పత్రరంధ్రాలు మూసుకుంటాయి, చక్కెర తయారీ మందగిస్తుంది. ఇక నూనె దేనితో చేసుకుంటుంది?

ఇప్పుడు నన్ను విసిగించే విషయం: శాతం. లెక్క కోసం 10 కిలోల ఆకులో 0.4 శాతం నూనె అనుకుందాం, అంటే 40 గ్రాములు. బెట్టకు ఆకు 6 కిలోలకు పడిపోయి శాతం 0.5కు పెరిగింది. సంబరపడకండి, చేతికొచ్చేది 30 గ్రాములే. ఇంకో మాయ చూడండి. మొదటి 10 కిలోలనే కోసి, వాడిపోయి 8 కిలోలయ్యాక తూచారు. అదే 40 గ్రాములు ఇప్పుడు 0.5 శాతం! ఒక్క చుక్క పెరగలేదు, నీరు ఆవిరైంది, అంతే. కాబట్టి ఎండిన ఆకు బరువు మీద లెక్కించండి, ఆపైన మొక్కకు మొత్తం ఎంత వచ్చిందో చూడండి.

పుదీనా వేళ్లు పైపైనే ఉంటాయి, దాన్ని బెట్టకు గురిచేయకండి. నిమ్మగడ్డి కొంత ఓర్చుకుంటుంది. నేను తేమ మీటర్లు వాడను, మట్టిలో వేలు రెండు కణుపుల దాకా దించి చూస్తాను. మధ్యాహ్నం వాడి సాయంత్రానికి తేరుకుంటే భయం లేదు. తెల్లవారినా తల వాల్చి ఉంటే వెంటనే తడి పెట్టండి.

అభ్యాసం: ఒకే వయసు తులసి కుండీలు మూడు. ఒకదానికి పూర్తి నీరు, రెండోదానికి మూడింట రెండు వంతులు, మూడోదానికి సగం. 21 రోజులు, రోజూ ఉదయం 6 గంటలకు కుండీ తూచి రాయండి. చివర కోసి, నీడలో బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టి తూచండి. పచ్చి ఆకు బరువు మాత్రమే రాసి పంపితే వెనక్కి పంపిస్తాను.